హైదరాబాదు రాజధాని: విధ్వంసము, పునర్నిర్మాణము
(నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాడల సాక్ష్యము)

రాజధానుల చరిత్రను వ్రాయువారు సాధారణముగా రెండు వస్తువుల నాశ్రయింతురు. ఒకటి సింహాసనము, రెండవది కోట. ఏ రాజు ఎప్పుడు పట్టాభిషిక్తుడయ్యెను, ఏ కోట ఎన్ని మాసములు ముట్టడికి నిలిచెను అను విషయములు తెలిసినచో నగరచరిత్ర పూర్తియైనదని పలువురి విశ్వాసము. కాని నగరము కోటకంటె పెద్దది. కోట కూలిన మరునాడు కూడ నగరమున పొయ్యి రాజుకొనవలెను, నీరు రావలెను, పిల్లలకు చదువు చెప్పవలెను. ఈ పనులు ఎవరు చేసిరి, ఏ తావున చేసిరి, ఎవరిని విడిచి చేసిరి అను ప్రశ్నలకు సమాధానము దొరకినప్పుడే నగరచరిత్ర యనదగినది ఏర్పడును.

యుద్ధముచే నాశనమై మరల లేచిన రాజధానులలో వార్సా నగరము ప్రసిద్ధము. 1944 ఆగస్టు 1వ తేదీన ఆ నగర ప్రజలు జర్మను ఆక్రమణపై తిరుగుబాటు చేసి 63 దినములు పోరాడిరి. ఓటమి తరువాత జర్మను సైనికులు ఇండ్లను వరుసగా తగులబెట్టిరి, పేల్చివేసిరి. యుద్ధము ముగిసిన పిమ్మట పోలెండు ప్రజలు తమ పాతపట్టణమును పూర్వరూపముననే కట్టుకొనిరి. 18వ శతాబ్దిలో బెల్లొట్టో అను ఇటలీ చిత్రకారుడు గీసిన నగరదృశ్యములు ఆ పనికి తోడ్పడెను. 1980లో యునెస్కో సంస్థ ఆ పట్టణమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. పోయినదానిని పోయినచోటనే, పోయినరీతినే తిరిగి నిలుపుట వార్సా మార్గము.

హైదరాబాదు మార్గము వేరు. ఈ నగరము దెబ్బతిన్న ప్రతిసారియు పాతదానిని తిరిగి కట్టుటకంటె ప్రక్కకు జరిగి క్రొత్తదానిని కట్టుకొన్నది. గోలకొండనుండి మూసీ దక్షిణపుటొడ్డునకు, అచటినుండి ఉత్తరపుటొడ్డునకు, మరల ఉత్తరమునకు, ఇటీవల పడమటికి దాని గుండె తావు మారుచు వచ్చినది. ప్రతి పునర్నిర్మాణమునందును ఒక పరిత్యాగము కూడ ఇమిడియున్నది. ఈ అభిప్రాయమును స్థాపించుటకు రాజప్రాసాదముల సాక్ష్యముకంటె నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వంటి సామాన్యమైన వాడల సాక్ష్యమే ఎక్కువగా ఉపకరించునని చూపుట ఈ వ్యాసమున నా ప్రయత్నము.

1. కోటనుండి నది యొడ్డునకు

గోలకొండ కోటలో జనము క్రిక్కిరియుటచే కుతుబ్ షాహీ ప్రభువులు మూసీవైపు చూచిరి. 1578లో నేటి పురానాపూల్ వంతెన ఏర్పడెను. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారును నిలిపి దాని చుట్టును క్రొత్త నగరమును విస్తరింపజేసెను. ఇది శత్రుభయమున పుట్టిన నగరము కాదు. శాంతికాలమున వర్తకము, ఉద్యానములు, విశాలమైన వీథులు కోరి కట్టిన నగరము. అందుచేతనే దానికి మొదట ప్రాకారము లేదు.

ఆ లోపము మొగలుల దండయాత్రతో బయటపడెను. 1685లో మొగలు రాకుమారుడు ముఅజ్జం సైన్యముతో రాగా అబుల్ హసన్ తానాషా గోలకొండలో తలదాచుకొనెను; నగరము దోపిడికి గురియయ్యెను. 1686లో అక్కన్న, మాదన్న సోదరులు హతులైరి. 1687లో సుమారు ఎనిమిది మాసముల ముట్టడి తరువాత గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. తానాషా దౌలతాబాదు కోటలో బందీగా జీవితము ముగించెను.

అటుపిమ్మట హైదరాబాదు రాజధానీపదమును పోగొట్టుకొని ఒక సుబా కేంద్రమాత్రమై మిగిలెను. 1724లో స్వతంత్రుడైన మొదటి నిజాము కూడ ఔరంగాబాదునే ప్రధానస్థానముగా నుంచుకొనెను. 1763లో నిజామ్ అలీ ఖాన్ హైదరాబాదునకు రాజధానిని మరల్చెను. 1687నకును 1763నకును నడుమ 76 సంవత్సరములు. ఈ కాలమును చరిత్రకారులు రెండు వాక్యములలో దాటిపోవుదురు. అయినను రాజు లేని ఆ కాలమున నగరము నశింపలేదు. 1617లో ఆరంభమైన మక్కా మసీదు నిర్మాణము కుతుబ్ షాహీల పతనానంతరమే, 1694లో, ఔరంగజేబు పాలనలో ముగిసెను. కట్టడము మొదలుపెట్టిన వంశము పోయినను పనివాండ్ర చేయి ఆగలేదు. రాజవంశముయొక్క ఆయుర్దాయమును నగరముయొక్క ఆయుర్దాయమును ఒకటిగా లెక్కింపరాదను మాటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

2. నదికి ఉత్తరమున

1798, 1800 సంవత్సరముల సంధులతో నిజాము బ్రిటిషువారి సైనిక రక్షణకు లోబడెను. 1803లో కిర్క్‌పాట్రిక్ అను రెసిడెంటు నదికి ఉత్తరమున, నేటి కోఠీలో, గొప్ప భవనమును కట్టనారంభించెను. 1806లో సికందర్ జా పేరిట సికిందరాబాదు దండు వెలసెను. నగరముయొక్క బరువు ఉత్తరమునకు ఒరుగుట ఇప్పుడే ప్రారంభమైనది. కోఠీకిని సికిందరాబాదునకును నడుమనున్న తోటలు, పొలములు, చిన్న చిన్న గూడెములు రెండు అధికారముల నడుమ మిగిలిన భూములు. నేడు మనము నారాయణగూడ, చిక్కడపల్లి యనునవి ఆ నడుమ భాగమునందే యున్నవి.

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నాయకత్వమున రొహిల్లాలు రెసిడెన్సీపై దాడి చేసిరి. దాడి విఫలమయ్యెను. తుర్రేబాజ్ ఖాన్ 1859లో చంపబడెను. మౌల్వీ అండమానుకు పంపబడెను. ఆ రెసిడెన్సీ భవనమే 1949లో మహిళా కళాశాలయై, నేడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయమైనది. తుపాకులకు ఎదురునిలిచిన గోడలలో ఆడపిల్లల చదువు సాగుట ఈ నగర పునర్నిర్మాణమునకు ఒక చక్కని ఉదాహరణము.

రెసిడెన్సీ బజారు 1933 వరకు బ్రిటిషు అధికారము క్రింద నుండెను. నిజాముకు తిరిగి అప్పగింపబడిన తరువాతనే సుల్తాన్ బజారను పేరు వచ్చెను. ఈ పరిపాలనా భేదమునకు ఊహింపని ఫలితమొకటి కలిగెను. నిజాము రాజ్యమున సభలకు, సంఘములకు గల నిర్బంధములు ఇచట అంతగా లేవు. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఈ ప్రాంతముననే, రావిచెట్టు రంగారావు గృహమున, అవతరించుటకు ఇది ఒక ముఖ్యకారణము. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఈ కార్యమున ప్రముఖులు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి కూడ హైదరాబాదుననే పుట్టి తరువాత మద్రాసునకు తరలెను.

3. నీటి విధ్వంసము

హైదరాబాదునకు యుద్ధముకంటె భయంకరమైన శత్రువు నదియే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెను. వేలాది జనులు మరణించిరి. వేలాది యిండ్లు నేలమట్టమయ్యెను. నగరములోని వంతెనలలో పురానాపూల్ మాత్రమే నిలిచినది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబది మంది వరకు ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి.

విపత్తునకు కారణము వెదకిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గుర్తించిన సంగతి మనకు నేటికిని పాఠము. మూసీ పరీవాహక ప్రాంతమున 788 చెరువులుండగా వానిలో 221 తెగిపోయెనని ఆయన లెక్క తేల్చెను. పైనున్న చిన్న చెరువు తెగి క్రింది చెరువుపై పడును. అది తెగి మరియొకదానిపై పడును. ఆకాశమునుండి పడిన నీరొక యెత్తు, తెగిన గట్లనుండి వచ్చిన నీరొక యెత్తు. ఆయన సలహానుసరించి నదికి పైభాగమున జలాశయములు కట్టబడెను. 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును పూర్తియైనవి. అవి వరదను నిలుపుటయేగాక నగరమునకు త్రాగునీటినిచ్చెను.

1912లో నగర అభివృద్ధి మండలి ఏర్పడెను. ఇరుకు వాడలను తొలగించుట, రహదారులను వెడల్పుచేయుట, మురుగుకాలువలను త్రవ్వించుట దాని పనులు. నది యొడ్డున హైకోర్టు, సిటీ కళాశాల, ఉస్మానియా ఆసుపత్రి భవనములు లేచెను. 1916లో కాచిగూడ రైలుస్టేషను తెరువబడెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. 1939లో అడిక్‌మెట్ మెట్టపై దాని ఆర్ట్సు కళాశాల భవనము ప్రారంభమయ్యెను. నదికి దూరముగా, మెరకనేలపై నివసింపవలెనను కోరిక వరదచూచిన తరమునకు సహజము. కోఠీకిని, కాచిగూడకును, విశ్వవిద్యాలయమునకును దగ్గరగా నుండుటచే నారాయణగూడ, దాని ఉత్తరమున చిక్కడపల్లి, విద్యావంతుల కుటుంబములకు అనువైన తావులయ్యెను.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. ఈ పునర్నిర్మాణమంతయు ప్రభుత్వము చేసినదే గదా, ప్రజలు చేసినదేమి? జలాశయములు, రోడ్లు ప్రభుత్వము నిర్మించినవే. ఆ కీర్తిని అపహరించుట న్యాయము కాదు. కాని రోడ్డు వేసిన ప్రభుత్వము ఆ రోడ్డుప్రక్క తెలుగుబడిని పెట్టలేదు. నీరిచ్చినది, భాషకు తావీయలేదు. ఆ మిగిలిన పనిని ప్రజలు చేసుకొనవలసివచ్చెను.

4. భాషా పునరుజ్జీవనము

1921 నవంబరులో వివేకవర్ధినీ రంగస్థలమున సంఘసంస్కార మహాసభ జరిగెను. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉర్దూ, మరాఠీ, ఆంగ్లములలో ప్రసంగములు సాగిన పిమ్మట అల్లంపల్లి వెంకటరామారావు తెలుగున మాటలాడబోగా సభలో కొందరు అల్లరిచేసి మాటలాడనీయలేదు. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. రాజ్యమున అధికసంఖ్యాకులైన వారి భాష ఆ రాజ్య రాజధానిలో నవ్వులపాలగుట, కోట కూలుటవలె కనిపించెడి విధ్వంసము కాదు. అయినను అదియు విధ్వంసమే.

దానికి జవాబు నారాయణగూడలో దొరకినది. 1928లో మాడపాటి హనుమంతరావు తెలుగు మాధ్యమమున బాలికల పాఠశాలను నెలకొల్పెను. నేటికిని ఆయన పేరిటనే అది నారాయణగూడలో నున్నది. ఉస్మానియాలో బోధనభాష ఉర్దూ అగుటచే ఈ బాలికల పరీక్షలకు కార్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము ఆశ్రయమయ్యెను. ఏ మహనీయుని అధ్యక్షతలో తెలుగునకు అవమానము జరిగెనో, ఆయన విద్యాసంస్థయే తెలుగు బాలికలకు ద్వారము తెరచుట గమనింపదగినది. 1921 నాటి కథను మరాఠీ, తెలుగుల వైరముగా చిత్రించువారు ఈ రెండవ సగమును కూడ చెప్పవలెను.

ఈ పరిసరములనే ఒకదాని తరువాత ఒకటిగా సంస్థలు పెరిగెను. 1918లో కొత్వాలు రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి ప్రోత్సాహమున రెడ్డి హాస్టలు వెలసెను. 1926లో సురవరము ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను స్థాపించెను. 1940లో న్యాయమూర్తి కేశవరావు కోరట్కర్ స్మారకముగా నారాయణగూడలో కేశవ స్మారక పాఠశాల ఏర్పడెను. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు జన్మించెను. 1954లో వెంకటరామారెడ్డి పేరిట మహిళా కళాశాల నారాయణగూడలో ప్రారంభమయ్యెను. ఒక మైలు, ఒకటిన్నర మైలు మేరలో ఇన్ని సంస్థలుండుట కాకతాళీయము కాదు. రైలుస్టేషను, విశ్వవిద్యాలయము, పూర్వపు రెసిడెన్సీ బజారు ఈ మూటి నడుమ ఏర్పడిన విద్యావంతుల సమాజమే దానికి హేతువు.

5. 1948

1947 నవంబరు 29న భారత ప్రభుత్వముతో నిజాము యథాతథపు ఒడంబడిక చేసికొనెను. డిసెంబరు 4న నారాయణగూడకు ఆనుకొనియున్న కింగ్‌కోఠీ దారిలో నిజాము కారుపై నారాయణరావు పవార్ బాంబు విసరెను, నిజాము బ్రతికెను. రజాకార్ల దౌర్జన్యములు గ్రామములను క్రుంగదీసెను. 1948 ఆగస్టు 22న, ఇమ్రోజ్ పత్రికాసంపాదకుడు షోయబుల్లా ఖాన్, రాత్రివేళ ఇంటికి మరలుచుండగా కాచిగూడ ప్రాంతమున హత్యచేయబడెను. హైదరాబాదు భారతదేశమున చేరవలెనని ఉర్దూలో వ్రాసిన ముస్లిము సంపాదకుడాయన. ఈ యొక్క సంగతి తలచుకొన్నచో 1948 చరిత్రను మతముల యుద్ధముగా వ్రాయుట ఎంత అసంగతమో తెలియును.

సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించెను. 17న నిజాము లొంగుబాటు ప్రకటించెను. 18న సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయెను. రాజధానిలో పెద్ద యుద్ధము జరుగలేదు, భవనములు కూలలేదు. ఈ కారణముచే పలువురు దీనిని రక్తపాతము లేని మార్పుగా వర్ణింతురు. ఇది సత్యము కాదు. సైనికచర్య కాలమునను తరువాతను జిల్లాలలో, విశేషించి మరాఠ్వాడా, కన్నడ ప్రాంతములలో, ముస్లిములపై ఘోరమైన హత్యాకాండ జరిగెను. భారత ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము మృతుల సంఖ్యను, మిక్కిలి తగ్గించి చెప్పినను, 27,000 నుండి 40,000 వరకు అంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రజలకు అందుబాటులో లేకుండెను.

తెలుగు భాషాభిమాని ఈ విషయమును చెప్పుటకు సంకోచింపరాదు. రజాకార్ల దౌర్జన్యమును చెప్పి దీనిని దాచుటయు, దీనిని చెప్పి దానిని దాచుటయు రెండును దోషములే. మన భాషకు తావు దొరకిన సంవత్సరమే వేలాది కుటుంబములకు నిలువనీడ పోయిన సంవత్సరము. ఉర్దూలో చదివి ఉద్యోగములు చేసినవారికి రాజధాని ఒక్కసారిగా పరాయిదయ్యెను. 1921లో తెలుగువాడు సభలో అనుభవించినది ఏమో, 1948 తరువాత ఉర్దూ తెలిసిన గుమాస్తా కచేరీలో అనుభవించినది అటువంటిదే.

6. ఇద్దరు తెలుగువారు

1951లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదు నగరమునకు ప్రథమ మేయరయ్యెను. తెలుగుబడి పెట్టినవాడు రాజధానికి పెద్దయగుట ఒక యుగమునకు ముగింపు. కాని మరుసటి సంవత్సరముననే క్రొత్త చిక్కు తలయెత్తెను. 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళన చెలరేగెను. సిటీ కళాశాల ప్రాంతమున కాల్పులు జరిగి విద్యార్థులు మరణించిరి. ఉద్యోగములు స్థానికులకు రావలెనని వారి కోరిక. భాష ఒకటియైనంతమాత్రమున అన్నము పంచుకొనుటలో తగవు తీరదని ఈ సంఘటన తెలిపినది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించెను. కోస్తా, రాయలసీమ జిల్లాల ఉద్యోగుల, ఉపాధ్యాయుల కుటుంబములు వచ్చి చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతములలో స్థిరపడెను. 1966లో చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఏర్పడెను. నాటకములు, పుస్తకావిష్కరణలు, సంగీతసభలు జరిగెడి ఈ తావు తెలంగాణ, ఆంధ్ర ప్రాంతముల రసికులను ఒక పైకప్పు క్రింద కూర్చుండజేసినది. 1969లో తెలంగాణ ఉద్యమము చెలరేగినప్పుడును, 2009 తరువాత మరల ఉద్ధృతమైనప్పుడును ఈ వాడల విద్యార్థులే వీథులలో నుండిరి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. 2024 జూన్ 2 వరకు హైదరాబాదు రెండు రాష్ట్రములకు ఉమ్మడి రాజధానిగా నుండెను.

నేడు అశోక్‌నగర్ అనగానే పోటీపరీక్షల శిక్షణాలయములు స్ఫురించును. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున ఉదయము తలుపు తెరువకముందే జిల్లాలనుండి వచ్చిన యువకులు బారులు తీరియుందురు. నిలువ చోటు చాలక చెట్లక్రింద, మెట్లపై కూర్చుండి చదువుకొందురు. 1952 నాటి ప్రశ్నయే వారి చేతులలోని పుస్తకములలో నున్నది: ఈ రాజధాని ఎవరికి అన్నము పెట్టును?

ఈలోగా నగరముయొక్క గుండె పడమటికి, మాదాపురమువైపునకు, జరిగిపోయినది. 2020 ఫిబ్రవరిలో నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా మెట్రోరైలు నడుచుట మొదలైనది. పెంకుటిండ్లు పోయి అంతస్తుల మేడలు వచ్చుచున్నవి. 1908 పాఠమును కూడ మరచితిమి. హుస్సేన్ సాగరపు మిగులునీటి కాలువ అశోక్‌నగర్ పరిసరములనుండి నల్లకుంట, అంబర్‌పేటల మీదుగా మూసీలో కలియును. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను భారీవర్షములకు లోతట్టు వాడలు మునిగినవి. చెరువును, కాలువను మరచిన నగరమును నీరే వచ్చి గుర్తుచేయును.

ముగింపు

పైని చెప్పిన విషయములనుండి మూడు నిర్ణయములు చేయవచ్చును. మొదటిది, హైదరాబాదు పునర్నిర్మాణము పునఃప్రతిష్ఠ కాదు, స్థానాంతరగమనము. రెండవది, ప్రతి పర్యాయమును ప్రభుత్వము నీటిని, దారిని ఇచ్చినను, వానిని ఊరుగా మార్చినవి ప్రజలు నడిపిన పాఠశాలలు, హాస్టళ్ళు, గ్రంథాలయములు. మూడవది, ప్రతి పునర్నిర్మాణమును ఎవరినో ఒకరిని వెనుక విడిచినది. విడువబడినవారి కథ వ్రాయనంతవరకు గెలిచినవారి కథ కూడ సగమే.

వార్సా పౌరులకు బెల్లొట్టో చిత్రములుండెను. మన నారాయణగూడకు, చిక్కడపల్లికి అట్టి చిత్రములు లేవు. మనకున్నవి పాఠశాలల హాజరుపట్టీలు, సంఘముల తీర్మానముల పుస్తకములు, గ్రంథాలయముల చందాదారుల జాబితాలు, ఉర్దూలో వ్రాసిన ఇంటి దస్తావేజులు. ఇవి చెదలపాలు కాకముందే పరిశోధక విద్యార్థులు వానిని చూడవలెను, నకళ్ళు తీయవలెను. తెలుగు శాఖ విద్యార్థి ఉర్దూ లిపిని నేర్చుకొననిచో ఆ దస్తావేజులలో సగము మూగవై యుండును. అందుచే మన శాఖలలో పరిశోధనకు వచ్చువారికి ఆ లిపిని నేర్పుట ఇక ఆలస్యము చేయరాని పని. ఒకనాడు మన భాషను విననివారిని నిందించితిమి. వారి భాషను చదువజాలని దోషము మనకు అంటకుండ చూచుకొనవలెను.